జిర్కాన్ గింజ చెప్పే లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాళ్ళ వయసు గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం. వయసులన్నీ కోట్ల ఏళ్ళలో రాశాం. ఇంగ్లిషు పుస్తకాల్లో ఒక బిలియన్ అని ఉన్న చోట ఇక్కడ 100 కోట్లు అని చదువుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల వయసు 250 కోట్ల ఏళ్ళని క్లాసులో చెప్పాను. "కార్బన్ డేటింగ్ చేశారా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఏం చెప్పాలి?
(ఉపాధ్యాయుడు, షాద్‌నగర్)

కార్బన్ కాదని ముందు చెప్పండి. కార్బన్-14 అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం విచ్ఛిన్నమవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్ళు. యాభై వేల ఏళ్ళు దాటేసరికి కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. గ్రానైట్‌కు పనికొచ్చేది యురేనియం సీసంగా మారే లెక్క. ఆ లెక్కను భద్రంగా దాచిపెట్టేది జిర్కాన్ అనే ఖనిజం.

జిర్కాన్ అంటే జిర్కోనియం సిలికేట్. గ్రానైట్‌లో దాని గింజ పొడవు సాధారణంగా 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు, అంటే ఆవగింజలో పదో వంతు. శిలాద్రవం గడ్డకట్టేటప్పుడు ఈ గింజ పెరుగుతూ, జిర్కోనియం ఉండాల్సిన చోట కొన్ని యురేనియం పరమాణువులను రానిస్తుంది. సీసాన్ని మాత్రం రానివ్వదు. సీసపు అయాన్ పరిమాణం, దాని విద్యుదావేశం రెండూ ఆ చోటికి ఇమడవు. కాబట్టి గింజ పుట్టినప్పుడు అందులో సీసం దాదాపు సున్నా. ఈరోజు కనిపించే సీసంలో చాలా భాగం లోపల యురేనియం విచ్ఛిన్నమవగా వచ్చిందే.

ఇందులో అసలు బలం మరొకటి ఉంది. ఒకే గింజలో రెండు గడియారాలు నడుస్తుంటాయి. యురేనియం-238 సీసం-206గా మారుతుంది, అర్ధాయువు 446.8 కోట్ల ఏళ్ళు. యురేనియం-235 సీసం-207గా మారుతుంది, అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్ళు. రెండూ ఒకే మూలకం ఐసోటోపులు (బరువు వేరైన రూపాలు), కానీ వేగాలు వేరు. ఒక గింజ 252 కోట్ల ఏళ్ళ నాటిదైతే అందులో సీసం-206, యురేనియం-238ల నిష్పత్తి 0.478 రావాలి, సీసం-207, యురేనియం-235ల నిష్పత్తి 10.96 రావాలి. రెండు కొలతలూ విడివిడిగా 252 దగ్గరకే వచ్చి నిలబడితే ఆ వయసును నమ్ముతాం. హైదరాబాద్ గ్రానైట్లు తూర్పు ధార్వార్ క్రేటాన్‌లో భాగం. క్రేటాన్ అంటే ఖండంలో పాతకాలంలోనే గట్టిపడి నిలిచిన భాగం. ఆ క్రేటాన్ గ్రానైట్లలో అధిక భాగం 270 నుంచి 250 కోట్ల ఏళ్ళ మధ్య పుట్టినవి.

ఐసోటోపుల ఊసు లేకుండా పిల్లలకు కళ్ళతో చూపించగల సాక్ష్యం కూడా ఒకటుంది. మన గ్రానైట్ నేలల్లో నల్లటి డోలరైట్ గోడలు గ్రానైట్‌ను చీల్చుకుని వరసగా సాగుతాయి. వాటిని డైకులంటారు. చీల్చినది చీలినదాని కంటే వయసులో చిన్నది అయి తీరాలి. బెంగళూరు, అనంతపురం వైపున్న తూర్పు పడమర డైకుల్లో కొన్నింటి వయసు 237 కోట్ల ఏళ్ళుగా తేలింది. అవి చీల్చిన గ్రానైట్లు 250 దాటినవి. పొలంలో కనిపించే వరసా, యంత్రం చెప్పే వరసా ఒకటే.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నైస్ రాళ్ళ వయసు కట్టాలి. ఎన్ని కిలోలు తేవాలి? లేబొరేటరీలో ఏ దశలో ఏం తప్పు జరుగుతుంది?
(విద్యార్థిని, అనంతపురం)

సగం తప్పులు సుత్తి దెబ్బతోనే మొదలవుతాయి, కాబట్టి అక్కడి నుంచే చెబుతాం.

గ్రానైట్‌కు 3 నుంచి 5 కిలోలు చాలు. టోనలైట్, డయోరైట్ లాంటి జిర్కోనియం తక్కువున్న రాళ్ళకు 8 నుంచి 10 కిలోలు తీసుకోండి. కొత్తగా కొట్టిన క్వారీ గోడ ఉంటే అదే మేలు. ఎర్రబారిన పైపెచ్చు అక్కడే రాల్చేసి లోపలి రాయి తెచ్చుకోండి.

నైస్ అంటే వేడికీ ఒత్తిడికీ మారిన రాయి, అందులో చారలుంటాయి. బూడిద రంగు చార అసలు రాయి కావచ్చు, తెల్ల చార ఎన్నో కోట్ల ఏళ్ళ తర్వాత కరిగి చొచ్చుకొచ్చినది కావచ్చు. రెండూ కలిపి దంచితే 320 కోట్ల ఏళ్ళ గింజలు, 252 కోట్ల ఏళ్ళ గింజలు ఒకే గిన్నెలో పడతాయి. ఆ తర్వాత ఏది ఏ చారదో ఏ యంత్రమూ చెప్పలేదు. రంపంతో చారలు విడదీసి వేర్వేరు సంచుల్లో వేయండి. సంచి మీద ఒక చీటీ, లోపల చిన్న పాలిథిన్ కవర్లో మరో చీటీ ఉండాలి. తడికి పైచీటీ ఇంకు చెరిగిపోతుంది.

దంచడం జా క్రషర్‌తో మొదలై డిస్క్ మిల్లుతో ముగుస్తుంది. పళ్ళేల మధ్య సందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ప్రతిసారీ 250 లేదా 300 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగినది తీసేస్తూ మిగిలినదాన్నే మళ్ళీ ఆడించండి. ఒక్కసారే పిండి చేస్తే గింజలు ముక్కలవుతాయి.

ఈ దశలో పెద్ద ప్రమాదం పాత నమూనా. క్రషర్ దవడల సందులో ఇరుక్కున్న ఒక్క గింజ చాలు, మీ 250 కోట్ల రాయిలో 60 కోట్ల వయసు కనిపించడానికి. దానికి సిద్ధాంతం అల్లినవాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి నమూనాకూ ముందు వైర్ బ్రష్, గాలి పంపు, ఎసిటోన్‌తో శుభ్రం చేయండి. తర్వాత మీ రాయిలోనే ఒక గుప్పెడు ముందుగా ఆడించి పారేయండి. లోహపు జల్లెడ కన్నాల్లో గింజలు చిక్కుకుంటాయి కాబట్టి నైలాన్ జల్లెడ గుడ్డ వాడి, నమూనా అయ్యాక దాన్ని పడేయడమే మంచిది.

తర్వాత గాలించడం. బియ్యంలో రాళ్ళు గాలించే పద్ధతే ఇక్కడా: తేలికైనది నీళ్ళతో పోతుంది, బరువైనది అడుగున ఉంటుంది. క్వార్ట్జ్ సాంద్రత 2.65, జిర్కాన్‌ది 4.6 నుంచి 4.7. విల్ఫ్లీ టేబుల్ (ఊగుతూ నీళ్ళతో గాలించే బల్ల) ఉంటే పని త్వరగా అవుతుంది, లేకపోతే పళ్ళెం చాలు. మిగిలిన నల్ల ఇసుక ఆరాక ముందు చేతి అయస్కాంతంతో మాగ్నటైట్ తీసేయండి. ఆపైన ఫ్రాంజ్ అయస్కాంత యంత్రంలో కరెంటు 0.3 ఆంపియర్ల నుంచి మెల్లగా పెంచుతూ పోవాలి. ఇల్మనైట్, గార్నెట్, బయోటైట్ ఒక్కొక్కటే పక్కకు పోతాయి, జిర్కాన్ చివరిదాకా అయస్కాంతానికి లొంగని వాటా­లో ఉంటుంది. బరువు ద్రవాల్లో బ్రోమోఫామ్ సాంద్రత 2.89, మిథిలిన్ అయొడైడ్‌ది సుమారు 3.3. రెండోదానిలో అపటైట్ తేలుతుంది, జిర్కాన్ మునుగుతుంది. రెండూ విషమే. ఫ్యూమ్ హుడ్ ఫ్యాన్ పనిచేయని రోజున సీసా మూత తీయకండి.

సూక్ష్మదర్శిని కింద 100 నుంచి 150 గింజలు ఏరండి. సూదుల్లా పొడవైనవి, పొట్టివి, గోధుమ రంగువి, నీళ్ళలా స్వచ్ఛమైనవి వేర్వేరు వరసల్లో పెట్టండి. 25 మిల్లీమీటర్ల ఎపాక్సీ బిళ్ళలో వాటితోపాటు వయసు తెలిసిన ప్రామాణిక జిర్కాన్లు కూడా ఉండాలి. గింజ సగం వరకు అరగదీసి, 3 మైక్రాన్లు, ఆపైన 1 మైక్రాన్ వజ్రపు పేస్టుతో మెరుగు పెట్టండి. ఎక్కువ అరగదీస్తే పట్టు పోయి గింజ ఊడి వస్తుంది.

ఇప్పుడు క్యాథొడోల్యూమినిసెన్స్ చిత్రం, అంటే ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు గింజ వెలిగే వెలుగుతో తీసే చిత్రం. దీన్ని దాటవేసి నేరుగా లేజర్ పెట్టడం శుద్ధ తప్పు. చిత్రంలో చెట్టు కాండంలోని వలయాల్లా సన్నని చారలుంటే అది శిలాద్రవంలో పెరిగిన భాగం. మధ్యలో ఆకారం చెడిన ముదురు ముద్ద ఉంటే అది పాత రాయి నుంచి వచ్చిన కేంద్రం. చుట్టూ చారల్లేని పొర ఉంటే అది తర్వాతి రూపాంతరంలో (వేడికీ ఒత్తిడికీ రాయి మారినప్పుడు) పెరిగింది కావచ్చు. ఆ పొరలో థోరియం, యురేనియం నిష్పత్తి తరచూ 0.1 కంటే తక్కువ వస్తుంది, కానీ అదొక్కటే రుజువుగా పట్టుకోకండి.

లేజర్ ఐసీపీ-ఎంఎస్‌లో (లేజర్‌తో గింజను కొంచెం ఆవిరి చేసి ఐసోటోపులు కొలిచే యంత్రం) మచ్చ వెడల్పు 25 నుంచి 35 మైక్రాన్లు, లోతు 15 నుంచి 20 మైక్రాన్లు. ఒక్కో మచ్చకు ఒక నిమిషం చాలు, వయసులో 1 నుంచి 2 శాతం తేడా ఉంటుంది. పొర మీద పెట్టిన లేజర్ అడుగున ఉన్న కేంద్రంలోకి దూసుకుపోతే రెండూ కలిసిన దొంగ వయసు వస్తుంది. సంకేతాన్ని సెకన్ల వారీగా చూడండి, నిష్పత్తి మధ్యలో మెట్టులా మారితే అక్కడి నుంచి కత్తిరించండి. ష్రింప్ లాంటి అయాన్ ప్రోబ్ (అయాన్ల పుంజంతో గింజను తవ్వి కొలిచే యంత్రం) 1, 2 మైక్రాన్ల లోతే తవ్వుతుంది కాబట్టి సన్నని పొరలకు అదే సరైంది. టిమ్స్ పద్ధతిలో గింజనే కరిగిస్తారు, తేడా 0.1 శాతానికి, ఇంకా కిందికి దిగుతుంది. 252 కోట్లలో 0.1 శాతమంటే 25 లక్షల ఏళ్ళు.

ఏ యంత్రమైనా ప్రతి 8, 10 మచ్చలకు ఒకసారి ప్రామాణిక గింజను కొలవాలి. 106.5 కోట్ల ఏళ్ళ 91500 జిర్కాన్‌తో లెక్క సరిచేసి, 33.7 కోట్ల ఏళ్ళ ప్లెషోవిట్సే జిర్కాన్‌ను తెలియని నమూనాలా పరీక్షించండి. రెండోదాని వయసు సరిగా రాకపోతే ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ప్రశ్న: ఒకే గింజకు మూడు వయసులు వచ్చాయి. సీసం-206/యురేనియం-238తో 209 కోట్లు, సీసం-207/యురేనియం-235తో 231 కోట్లు, సీసం 207/206తో 252 కోట్లు. ఏది రాయాలి?
(పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం)

మీరు పంపిన మూడు అంకెలూ ఒకే కథలో చక్కగా ఇముడుతున్నాయి: 252 కోట్ల ఏళ్ళ గింజ ఈమధ్యే తన సీసంలో 20 శాతం పోగొట్టుకుంది. లెక్క వేసి చూడండి. 0.478లో 20 శాతం తీసేస్తే 0.383, దాని వయసు 209 కోట్లు. 10.96లో 20 శాతం తీసేస్తే 8.77, దాని వయసు 231 కోట్లు. బయటికి పోయేటప్పుడు సీసం-206, సీసం-207 మధ్య తేడా ఉండదు, రెండూ ఒకే వంతున పోతాయి. అందుకే వాటి పరస్పర నిష్పత్తి చెడలేదు, 252 నిలబడింది.

అయితే ఇది సీసం ఇటీవల పోయినప్పుడే వర్తిస్తుంది. 55 కోట్ల ఏళ్ళ కిందట ఏదో వేడి తగిలి సీసం పోయి ఉంటే 207/206 వయసు కూడా కొంత తగ్గి కనిపిస్తుంది, మీరు రాసే 252 అసలు వయసుకు కనీస హద్దు మాత్రమే అవుతుంది. అందుకే ఒక్క గింజతో తీర్పు చెప్పకూడదు. వెదరిల్ 1956లో చూపిన కాంకార్డియా వక్రం (రెండు గడియారాలూ ఒకే వయసు చెప్పే చుక్కల గీత) ఉన్న పటం మీద అన్ని గింజలూ పెట్టండి. సీసం పోయిన చుక్కలు ఒక గీత మీద వరుస కడితే, ఆ గీత పైన వక్రాన్ని తాకేది పుట్టిన కాలం, కింద తాకేది సీసం పోయిన కాలం. మూడు చుక్కలతో గీసిన గీతకు విలువ లేదు. కనీసం పది పన్నెండు ఉండాలి, అవి దగ్గర దగ్గరగా గుంపు కట్టకుండా గీత పొడుగునా పరుచుకుని ఉండాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. పాత కేంద్రం, కొత్త పొర కలిసిపోయిన మచ్చలు కూడా సరిగ్గా ఇలాంటి గీతే గీస్తాయి. అప్పుడు గీత వక్రాన్ని పైన తాకేది కేంద్రం వయసు, కింద తాకేది పొర వయసు. గీతను చూసి రెండిటినీ విడదీయలేరు, చిత్రం చూసే విడదీయగలరు.

సీసం ఎందుకు పోతుందంటే, యురేనియం విచ్ఛిన్నమైన ప్రతిసారీ ఎగిరే ఆల్ఫా కణమూ, వెనక్కి తన్నే కేంద్రకమూ స్ఫటికపు అల్లికను చెడగొడతాయి. యురేనియం ఎక్కువున్న భాగాలు కోట్ల ఏళ్ళలో గాజులా మారిపోతాయి. అలాంటి చోట భూగర్భ జలం లోపలికి దిగి సీసాన్ని కడిగేస్తుంది. మబ్బుగా, ముదురు గోధుమగా ఉన్న గింజలను అందుకే ముందే పక్కన పెడతాం. టిమ్స్ చేసేవాళ్ళకు మంచి మందు ఉంది: గింజలను 900 డిగ్రీల దగ్గర 48 నుంచి 60 గంటలు ఉంచి, తర్వాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 180 నుంచి 210 డిగ్రీల వేడిలో 12 గంటలు పెడితే చెడిన భాగం కరిగిపోతుంది, గట్టి భాగం మిగులుతుంది. మాటిన్సన్ 2005లో ఈ పద్ధతి ప్రచురించాక పాత కొలతలు ఎన్నో తిరగరాయాల్సి వచ్చింది.

మరో సంగతి. సీసం-204 విచ్ఛిన్నం వల్ల పుట్టదు. అది కనిపించిందంటే బయటి సీసం కలిసిందని అర్థం. లేజర్‌లో వాడే వాయువులోని పాదరసం కూడా 204 దగ్గరే కనిపించి మోసం చేస్తుంది, కాబట్టి పాదరసం-202ను పక్కన కొలిచి దాని వాటా తీసేయాలి.

ప్రశ్న: పాత నివేదికల్లో అదే ఊరి రాయికి పొటాషియం-ఆర్గాన్ వయసు చాలా తక్కువగా ఉంది. అవి తప్పులా?
(విశ్రాంత సర్వేయరు, కర్నూలు)

తప్పులు కావు, వేరే ప్రశ్నకు జవాబులు. పొటాషియం విచ్ఛిన్నమై వచ్చే ఆర్గాన్ బయోటైట్‌లో (నల్ల అభ్రకంలో) నిలవాలంటే రాయి సుమారు 300 డిగ్రీల కిందికి చల్లారాలి. జిర్కాన్‌లో సీసం 900 డిగ్రీలు దాటినా కదలదు. కాబట్టి జిర్కాన్ చెప్పేది గింజ పెరిగిన కాలం, బయోటైట్ చెప్పేది రాయి చివరిసారి చల్లారిన కాలం. మధ్యలో పక్కనే మరో శిలాద్రవం దూరి వేడి చేసి ఉంటే బయోటైట్ గడియారం మళ్ళీ సున్నా దగ్గర మొదలవుతుంది. పాత నివేదికలు పారేయకండి, ఏ ఖనిజం మీద ఏ పద్ధతో పక్కన రాసుకోండి.

ప్రశ్న: గ్రానైట్ 252 కోట్ల ఏళ్ళ నాటిదైతే, ఆ ఖండం కూడా అప్పుడే పుట్టినట్టేనా?
(అధ్యాపకురాలు, వరంగల్)

కాదు. ఈ శాస్త్రంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

అమ్మమ్మ పాత కాసులపేరు కరిగించి గాజులు చేయించారనుకోండి. గాజుల బిల్లు మీది తేదీ కిందటి నెలది. బంగారం గని నుంచి బయటికి వచ్చిన తేదీ అది కాదు. జిర్కాన్‌లోని యురేనియం, సీసం చెప్పేది గాజుల తేదీ. ఆ సరుకు భూగర్భంలోని మాంటిల్ నుంచి మొదటిసారి విడివడి ఎప్పుడు భూపటలంగా మారిందో తెలియాలంటే మరో గడియారం కావాలి. అదే లుటీషియం-176 హాఫ్నియం-176గా మారే లెక్క. అర్ధాయువు సుమారు 3,710 కోట్ల ఏళ్ళు. రాయి మొత్తాన్ని కొలవాలంటే సమేరియం-147, నియోడిమియం-143 జంట ఉంది, దాని అర్ధాయువు 10,600 కోట్ల ఏళ్ళు.

మాంటిల్ కొంత కరిగినప్పుడు హాఫ్నియం ద్రవంలోకి ఎక్కువగా పోతుంది, లుటీషియం వెనక ఎక్కువగా ఉండిపోతుంది. కాబట్టి కరిగి పైకి వచ్చిన సరుకులో హాఫ్నియం-176 నెమ్మదిగా పెరుగుతుంది, వెనక మిగిలిన మాంటిల్‌లో వేగంగా పెరుగుతుంది. రెండిటి మధ్య దూరం కాలం గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. జిర్కాన్‌లో బరువులో సుమారు ఒక శాతం హాఫ్నియమే, లుటీషియం మాత్రం అతి తక్కువ. కాబట్టి తాను పుట్టిన క్షణంలో చుట్టూ ఉన్న ద్రవపు నిష్పత్తిని అది దాదాపు మార్పు లేకుండా దాచి ఉంచుతుంది. ఆ నిష్పత్తి ఉల్కల సగటు కంటే ఎన్ని పదివేల వంతులు ఎక్కువో తక్కువో చెప్పే అంకెను ఎప్సిలాన్ హాఫ్నియం అంటారు. అది బాగా ధనాత్మకంగా ఉంటే మాంటిల్ నుంచి వచ్చిన తాజా సరుకు. రుణాత్మకంగా ఉంటే పాత పటలం మళ్ళీ కరిగింది.

ఒక లెక్క దగ్గరగా చూద్దాం. 252 కోట్ల ఏళ్ళ గింజకు ఎప్సిలాన్ మైనస్ 4 వచ్చిందనుకోండి. దాని మూలశిల మాంటిల్‌ను ఎప్పుడు వదిలిందో వెనక్కి లెక్కించాలంటే, ఆ మూలశిలలో లుటీషియం, హాఫ్నియం నిష్పత్తి ఎంతో ఊహించాలి. గ్రానైట్ లాంటి పటలమనుకుని 0.015 తీసుకుంటే 327 కోట్లు వస్తుంది. బసాల్ట్ లాంటిదనుకుని 0.022 తీసుకుంటే 359 కోట్లు. మాంటిల్‌కు వాడుకలో ఉన్న 0.0384 రెండిటిలోనూ మార్చలేదు. గింజ అదే, కొలత అదే, ఒక్క ఊహ మారితే 32 కోట్ల ఏళ్ళ తేడా! ఏ నిష్పత్తి వాడారో రాయని మోడల్ వయసును మేం లెక్కలోకి తీసుకోం. పైగా పాత సరుకూ కొత్త సరుకూ కలిసిన ద్రవం నుంచి గింజ పుట్టి ఉంటే, వచ్చే అంకె రెండిటి మధ్య ఎక్కడో పడుతుంది. అప్పుడు ఆ కాలంలో నిజంగా ఏమీ జరిగి ఉండకపోవచ్చు.

కొలిచేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. హాఫ్నియం మచ్చ 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, వయసు కట్టిన వలయాన్ని దాటిపోకుండా చిత్రం చూసి పెట్టండి. ఇటర్బియం-176, లుటీషియం-176 కూడా అదే బరువు దగ్గర కనిపిస్తాయి. వాటి వాటా సరిగా తీసేయకపోతే ఎప్సిలాన్ అబద్ధంగా పెరుగుతుంది.

పటలం ఎలా పుట్టిందన్నదానికి రాయి రసాయనం కూడా తోడు కావాలి. అతి పాత ఖండాల్లో ఎక్కువగా ఉండేవి టోనలైట్, ట్రాన్‌జెమైట్, గ్రానోడయోరైట్ అనే సోడియం ఎక్కువున్న రాళ్ళు. మూడింటినీ కలిపి టీటీజీ అంటారు. నీరు చేరిన బసాల్ట్ లోతున వేడెక్కి పాక్షికంగా కరిగితే ఇవి పుడతాయి. వాటిలో ఇటర్బియం, ఇట్రియం బాగా తక్కువుంటే, కరిగిన చోట గార్నెట్ మిగిలి వాటిని పట్టి ఉంచిందని అర్థం. అంటే కరిగిన చోటు లోతైనది. ఆ బసాల్ట్ ఒక ఫలకం కిందికి దిగడం వల్ల అంత లోతుకు పోయిందా, లేక బసాల్ట్ మేట మందంగా పెరిగి అడుగు భాగమే కరిగిందా అన్న వాదన నేటికీ నడుస్తోంది. రసాయనం ఒక్కదానితో అది తేలదు.

ధార్వార్‌లో ఈ కథ పడమర నుంచి తూర్పుకు చదవాలి. కర్ణాటకలోని పశ్చిమ భాగంలో గొరూరు వైపు నైసులు 330 కోట్ల ఏళ్ళు దాటినవి. సుమారు 400 కిలోమీటర్లు సాగే క్లోజ్‌పేట గ్రానైట్ 252 కోట్ల ఏళ్ళ దగ్గరిది. దానికి తూర్పున రాయలసీమ, తెలంగాణ గ్రానైట్లలో అధికం 270 నుంచి 250 మధ్యవే. అంతమాత్రాన తూర్పు భాగమంతా కొత్త సరుకని అనుకోకూడదు. అక్కడి గ్రానైట్లలో 300 కోట్లు దాటిన పాత కేంద్రాలు దొరుకుతున్నాయి. కొత్త మాంటిల్ సరుకు పైకి వస్తూ పాత పటలాన్ని కూడా కరిగించి తనలో కలుపుకుంది. ఆ తర్వాత పొటాషియం ఎక్కువున్న గ్రానైట్లు అంతటా పరుచుకుని క్రేటాన్ గట్టిపడింది. మనం గుట్టలని పిలిచే గుండ్రాళ్ళు ఆ చివరి ఘట్టానివి.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో 440 కోట్ల ఏళ్ళ గింజ దొరికిందంటారు, కానీ అది ఉన్న రాయి 300 కోట్లదేనట. ఇదెలా? మన దేశంలో అలాంటిది ఉందా?
(డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం)

ఆ గింజ దొరికిన జాక్ హిల్స్ రాయి గులకరాళ్ళు, ఇసుక పేరుకుని గట్టిపడినది. పాత కొండలు అరిగిపోయాయి, వాటిలోని జిర్కాన్లు మాత్రం అరగకుండా ఏటి ఇసుకలో చేరాయి. తల్లిరాయి ఈరోజు ఎక్కడా లేదు. 2001లో ప్రచురించిన గింజ వయసు 440.4 కోట్లు, తేడా అటూఇటూ 80 లక్షల ఏళ్ళు. ఇంత పాత గింజలో సీసం ఒకచోట పోగై వయసును అబద్ధంగా పెంచి ఉండొచ్చన్న సందేహం వచ్చింది. 2014లో 437.4 కోట్ల ఏళ్ళ గింజను పరమాణువు పరమాణువుగా పరీక్షించారు. సీసం నానోమీటర్ల స్థాయిలో గుంపులు కట్టింది నిజమే. కానీ 20 మైక్రాన్ల మచ్చతో కొలిచినప్పుడు ఆ గుంపులన్నీ మచ్చలోనే ఉంటాయి కాబట్టి వయసు చెడలేదు.

ఆ గింజల్లో ఆక్సిజన్ కూడా సాక్ష్యం చెబుతుంది. మాంటిల్ నుంచి నేరుగా వచ్చిన జిర్కాన్‌లో ఆక్సిజన్-18, ఆక్సిజన్-16ల నిష్పత్తి సముద్రపు నీటి ప్రమాణం కంటే వెయ్యికి 5.3 వంతుల దగ్గర ఎక్కువ ఉంటుంది. జాక్ హిల్స్ గింజల్లో కొన్నింటికి ఈ అంకె 6.5 దాటింది. అలా పెరగాలంటే వాటి మూలశిల ఒకప్పుడు నేల మీద, తక్కువ వేడిలో, నీటితో కలిసి మారి ఉండాలి. అంత పాత కాలంలోనే నీళ్ళున్నాయని చెప్పడానికి ఆధారం ఈ కొలతే. అప్పటికే విశాలమైన ఖండాలున్నాయని చెప్పడానికి మాత్రం ఇది చాలదు.

గింజ కాకుండా రాయే అడిగితే, కెనడాలోని అకాస్టా నైస్ 403 కోట్ల ఏళ్ళది. మన దేశంలో సింగ్‌భూమ్ క్రేటాన్‌లో, ఒడిశాలోని చంపువా ప్రాంతపు రాళ్ళలో 424, 403 కోట్ల ఏళ్ళ గింజలు దొరికినట్టు 2018లో ప్రచురించారు. వయసులో రాయి చిన్నది, అందులోని గింజలు పెద్దవి. కరిగిన ద్రవం పాత పటలం నుంచి మింగి తెచ్చుకున్నవి అవి.

ప్రశ్న: గులిచెరువు క్వార్ట్జైట్ జిర్కాన్లు సుమారు 250 కోట్ల ఏళ్ళవని చదివాను. అంటే కడప బేసిన్ వయసు అంతేనా?
(పాఠకుడు, పులివెందుల)

క్వార్ట్జైట్ అంటే పేరుకుని గట్టిపడిన ఇసుక. ఇసుకలోని గింజ ఆ ఇసుక పేరుకున్న కాలం కంటే పాతది. కాబట్టి అది ఒక వైపు హద్దు మాత్రమే: ఆ ఇసుక 250 కోట్ల తర్వాత ఎప్పుడో పేరుకుంది. రెండో హద్దు మీ ఊరి పక్కనే ఉంది. తాడిపత్రి పొరల్లోకి దూరిన పులివెందుల సిల్ (పొరల మధ్య పలకలా దూరి గట్టిపడిన శిలాద్రవం) వయసు 188.5 కోట్లు, తేడా అటూఇటూ 31 లక్షల ఏళ్ళు. దూరినది వయసులో చిన్నది కాబట్టి తాడిపత్రి పొరలూ, వాటి కిందున్న గులిచెరువు ఇసుకా అంతకంటే పాతవి. అడుగున ఉన్న గ్రానైట్, నైసులు చల్లారి, పైకి లేచి, అరిగి, చదునైన తర్వాతే ఈ ఇసుకను పేర్చిన సముద్రం వచ్చింది. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైట్ మీద క్వార్ట్జైట్ కూర్చున్న ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (కాలంలో ఖాళీ ఉన్న రాళ్ళ హద్దు) దగ్గర అలాంటి కాలపు ఖాళీ మీద వేలు పెట్టి చూపించొచ్చు.

ఇలాంటి ఇసుకరాళ్ళలో గింజలు ఏరకండి, దొరికినవి దొరికినట్టు బిళ్ళలో పోయండి. అందమైనవి ఏరితే యురేనియం ఎక్కువున్న పాత గింజలు తప్పిపోతాయి. కనీసం 117 గింజలు కొలిస్తే, మొత్తంలో 5 శాతం ఉన్న ఏ వయసు గుంపూ తప్పిపోలేదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు.

సిల్ వయసు కట్టాలనుకుంటే నమూనా దాని మధ్యలోంచి, గింజలు ముతకగా ఉన్న చోట తీయండి. అంచులు త్వరగా చల్లారి ఉంటాయి, అక్కడ పనికొచ్చే ఖనిజం పెరగదు. ఆ ఖనిజం జిర్కాన్ కాదు, బాడెలెయైట్. అది 100 మైక్రాన్ల లోపు ఉండే పలుచటి రేకు. మామూలు దంపుడికి విరిగిపోతుంది, నీళ్ళ ఒరవడికి కొట్టుకుపోతుంది. విల్ఫ్లీ టేబుల్ మీద నీరు తగ్గించి, చిన్న చిన్న మోతాదుల్లో వదలాలి. రూపాంతరం తగిలిన రాళ్ళలో ఈ రేకు చుట్టూ జిర్కాన్ పొర పెరిగి వయసును తగ్గిస్తుంది. కరిగించే ముందు ఒక్కో రేకునూ సూక్ష్మదర్శిని కింద తిప్పి చూసి, అంచులు మంచుగాజులా మసకబారినవన్నీ తీసేయండి.